‘చూద్దాంలే’ అనకుండా కైజెన్ నడపడం: సూపర్‌వైజర్లకు, ప్లాంటు మేనేజర్లకు

జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఓ మోస్తరు యూనిట్‌కు వెళ్తే గేటు దాటగానే ఫైవ్ ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) బోర్డు, దాని పక్కనే తాళం వేసిన సజెషన్ బాక్సు కనిపిస్తాయి. బాక్సులో ఏముందని అడిగితే తాళంచెవి హెచ్ఆర్ దగ్గరుందంటారు. తెరిస్తే రెండు కాగితాలుంటాయి: ఒకటి క్యాంటీన్ సాంబారు గురించి, ఇంకోటి ఎవరో ఎవరి మీదో రాసిన ఆకాశరామన్న ఉత్తరం. ‘మావాళ్లకు ఐడియాలు రావండీ’ అని మేనేజరు నిట్టూరుస్తాడు.

ఐడియాలు రాక కాదు. మెషిన్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషికి ఏది అడ్డొస్తోందో తెలియకుండా ఎలా ఉంటుంది? అతను ఎప్పుడో ఒకసారి చెప్పాడు, దానికి జవాబు రాలేదు, లేదా రాకూడని జవాబు వచ్చింది. కైజెన్, అంటే పనిచేసేవాళ్ల ఐడియాలతో పనిని కొంచెం కొంచెంగా మెరుగుపరచడం, బతికేదీ చచ్చేదీ అక్కడే. అందుకే ఈ గైడు ఫిష్‌బోన్ చార్టుల (సమస్యకు కారణాలు గీసి చూపే బొమ్మల) గురించి కాదు. మాట విన్నాక మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలి, ఆ తర్వాత అది చెడిపోకుండా ఎలా చూసుకోవాలి అన్నదాని గురించి.

ముందు బాక్సు తీసేయండి

తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఒకే లైన్‌లో ఉండే చోట ఫారం నింపమంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. చదువొచ్చినవాళ్లకు కూడా నలుగురి ముందు తప్పుల్లేకుండా రాయడం బెరుకే. కాబట్టి చెప్పడం ఆపరేటర్ పని, రాయడం సూపర్‌వైజర్ పని అని తేల్చేయండి.

ఏ5 సైజు మందపాటి కార్డులు ఒక కట్ట చాలు. కార్డు మీద ఆరు విషయాలుండాలి: తేదీ, మెషిన్ నంబరు, ఇబ్బంది ఏమిటి, ఏం చేస్తే బాగుంటుందని చెప్పారు, చెప్పింది ఎవరు, జవాబు ఏ తేదీలోగా. వెనుకవైపు చేత్తో గీసిన బొమ్మ ఉంటే ఇంకా మంచిది. ‘ఎన్ని రూపాయలు ఆదా’ అనే గడి మాత్రం కార్డు మీద పెట్టకండి. ఆ గడి చూడగానే, లెక్క తేల్చలేని ఇబ్బంది ఇబ్బందే కాదని జనానికి అర్థమవుతుంది.

కార్డును ఆ లైన్ దగ్గరే, కంటికెదురుగా బోర్డు మీద గుచ్చండి. బోర్డుకు నాలుగు నిలువు వరుసలు చాలు: విన్నాం, ట్రయల్‌లో ఉంది, అయింది, చేయలేం. నాలుగోది దాచొద్దు. బోర్డు హెడ్డింగులు ఫ్లోర్ మీద ఉన్న ప్రతి భాషలో ఉండాలి. ఒడియా రాసేవాళ్లు ఆఫీసులో లేకపోతే లైన్‌లోనే ఒకరిని అడగండి, సంతోషంగా రాసిస్తారు.

గడువులు ఇలా పెట్టుకోండి. విన్న షిఫ్ట్‌లోనే కార్డు రాయాలి. రెండు పనిదినాల్లో జవాబు రావాలి. చిన్న పనైతే వారంలో ట్రయల్ మొదలవ్వాలి. జవాబులు మూడే: చేద్దాం, ఫలానా తేదీకి. కొంచెం మార్చి ఇలా చేద్దాం. చేయలేం, కారణం ఇది. ‘చూద్దాంలే’ జవాబు కాదు. ఆ మాటకు అసలు అర్థం కాదనేనని మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మందుల కంపెనీలకు ఇక్కడ ఒక చిక్కుంది. పాశమైలారంలోనో జడ్చర్లలోనో ఫార్ములేషన్ యూనిట్‌లో ప్రక్రియను తాకే మార్పేదీ ఛేంజ్ కంట్రోల్ (మార్పుకు ముందే రాతపూర్వక అనుమతి తీసుకునే పద్ధతి) దాటకుండా చేయకూడదు. ట్రయల్ చేసి చూద్దామనడం కూడా కుదరదు. అందుకని రెండు రోజుల జవాబు మానేయకూడదు. ‘క్యూఏకి (క్వాలిటీ విభాగానికి) ఫలానా రోజు ఫారం పెట్టాం, ఇప్పుడు ఫలానా మేడం టేబుల్ మీద ఉంది’ అని చెప్పినా అది జవాబే. మనుషులు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు. ఏమైందో తెలియకపోతే మాత్రం మళ్లీ చెప్పరు.

ఒక డబ్బా కథ, దగ్గరగా

పవర్ ప్రెస్ మీద బ్రాకెట్లు కొట్టే ఆపరేటర్‌ను తీసుకోండి. బ్లాంకుల (బ్రాకెట్లుగా కొట్టడానికి కత్తిరించి పెట్టిన రేకు ముక్కల) బిన్ను, అంటే డబ్బా, నేల మీద ఉంటుంది. షిఫ్ట్‌కు 900 పీసులు. చేతికి పదేసి అందుకుంటాడు కాబట్టి 90 సార్లు వంగి లేస్తాడు. ఒకరోజు సూపర్‌వైజర్‌తో అంటాడు: “సార్, ఈ డబ్బా జర పైకి పెడ్తె మంచిగుంటది. నడుము పట్టేస్తున్నది.”

సాధారణంగా వచ్చే జవాబు: “ఇన్ని రోజులు ఎట్ల చేసినవ్ మరి?” తిట్టలేదు, అరవలేదు. అయినా ఆ ఆపరేటర్ మళ్లీ ఏడాది దాకా నోరు తెరవడు. పక్క ప్రెస్ మీద ఉన్నవాడు కూడా తెరవడు, ఎందుకంటే అతనూ విన్నాడు.

అనాల్సిన మాట: “ఎంత ఎత్తుల ఉంటే నీకు సరిపోతది? చూపియ్యి.” అప్పుడు ఆపరేటర్ చెయ్యి పెట్టి చూపిస్తాడు. అక్కడికక్కడే టేపు పెట్టి కొలవండి. మామూలు ఎత్తున్న మనిషికి బిన్ను అడుగు నేల నుంచి 700 మి.మీ. దగ్గర ఉంటే చెయ్యి నడుము మట్టంలో ఆడుతుంది. కానీ మూడు షిఫ్టుల్లో ముగ్గురు వేర్వేరు ఎత్తుల వాళ్లుంటారు. కాబట్టి ముగ్గురినీ అడిగి మధ్యకు తేల్చండి, లేదా కాళ్లకు 50 మి.మీ. దూరంలో రంధ్రాలు వేసి ఎత్తు మార్చుకునేలా చేయండి.

వెల్డింగ్ చేసే ముందు రెండు రోజులు పాత చెక్క ప్యాలెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, కదలకుండా కట్టి ట్రయల్ చూడండి. సరిపోయిందని తేలాక 600×400 మి.మీ. బిన్ను కోసం 40×40×5 మి.మీ. యాంగిల్‌తో (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీతో) స్టాండు చేయించండి. నాలుగు కాళ్లకు 2.8 మీటర్లు, పైన కింద ఫ్రేములకు 4 మీటర్లు, మొత్తం 6.8 మీటర్లు, బరువు సుమారు 20 కిలోలు. స్క్రాప్ యార్డులో వెతికితే కొత్త ఇనుము కొనే పని కూడా ఉండకపోవచ్చు.

అసలు గొడవ ఇప్పుడు మొదలవుతుంది. బ్లాంకు 200 గ్రాములు, బిన్నులో 300 పీసులు, అంటే 60 కిలోలు. ఇంతకుముందు హెల్పర్ దాన్ని నేల మీద జరుపుకుంటూ తెచ్చి వదిలేవాడు. ఇప్పుడు 700 మి.మీ. ఎత్తుకు ఎవరు ఎత్తాలి? ఆపరేటర్ నడుము నొప్పి తీసి హెల్పర్ నడుముకు పెట్టారన్నమాట. హెల్పర్‌ను ఎవరూ అడగలేదు. అతను కాంట్రాక్టర్ మనిషి, పొద్దున్న మీటింగులో వెనకాల నిలబడతాడు. వారం తిరిగేసరికి స్టాండు మూలన పడి ఉంటుంది, దాని మీద ఎవరిదో టిఫిన్ డబ్బా ఉంటుంది. ‘మావాళ్లకు క్రమశిక్షణ లేదు’ అని మళ్లీ నిట్టూర్పు.

స్టాండు ఎత్తులోనే చక్రాల ట్రాలీ ఒకటి చేసి, రెండింటి మీదా రోలర్లు పెడితే బిన్ను పక్కకు జారుతుంది, ఎత్తాల్సిన పని లేదు. స్టాండు చివర ఆపే పట్టీ, ట్రాలీ చక్రాలకు బ్రేకు ఉండాలి. లేకపోతే 60 కిలోలు కాలి మీద పడతాయి. రేకు కోసే షియరింగ్ మెషిన్ దగ్గర బ్లాంకులు మొదటి నుంచే ట్రాలీ మీది బిన్నులోకి పడితే ఎవరూ వంగక్కర్లేదు. ట్రాలీ లేని చోట బిన్నుకు 100 పీసులే నింపి 20 కిలోలకు దించండి. అప్పుడు షిఫ్ట్‌కు మూడు సార్ల బదులు తొమ్మిది సార్లు తేవాలి. అది హెల్పర్‌కు నచ్చుతుందో లేదో అతన్నే అడగాలి.

నేర్చుకోవాల్సిన పద్ధతి ఇంతే: మార్పు ఎవరి చేతికి తగులుతుందో వాళ్లకు, ఆ పనికి ముందు పని చేసేవాడికి, తర్వాత పని చేసేవాడికి, మెయింటెనెన్స్‌కు, మిగతా రెండు షిఫ్టులకు ట్రయల్‌కు ముందే చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో ఫోర్‌మన్లకు టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే శిక్షణ ఇచ్చారు. యుద్ధం తర్వాత అది జపాన్ వెళ్లింది, టొయోటా పద్ధతుల్లో చాలావాటికి దాని పునాది ఉంది. మనుషులతో పని అనే భాగంలో అది నాలుగే చెబుతుంది: పని ఎలా చేస్తున్నారో వాళ్లకు తెలియజేయండి, మంచి పనికి మెచ్చుకోండి, తగిలే మార్పును ముందే చెప్పండి, ఒక్కొక్కరి సామర్థ్యాన్ని పూర్తిగా వాడుకోండి. మన ఫ్లోర్ల మీద ఎక్కువగా తప్పేది మూడోది.

ఇక ఆదా లెక్క. వంగినప్పుడల్లా నాలుగు సెకన్లు అనుకుంటే 90 సార్లకు 360 సెకన్లు, ఆరు నిమిషాలు. అకౌంట్స్ వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. షిఫ్ట్ చివరి గంటలో అలసిన మనిషి బ్లాంకును తిరగేసి పెట్టడం తగ్గితే వచ్చే లాభం ఆ ఆరు నిమిషాల్లో కనిపించదు. దాన్ని గంటవారీ రిజెక్షన్ షీటులో చూడాలి.

ఆపకూడని ఐడియా, ఆపాల్సిన ఐడియా

కొన్ని సలహాలు ప్రమాదకరంగా ఉంటాయి. ప్రెస్‌కు రెండు చేతుల బటన్లుంటే ఒకదాన్ని టేపుతో నొక్కి ఉంచేస్తే స్పీడు వస్తుందంటాడొకడు. గార్డు తీసేద్దామంటాడింకొకడు. ఇక్కడ జవాబు వెంటనే, సూటిగా: “అది కుదరదు, వేళ్లు పోతయ్.” అక్కడితో ఆగకుండా ఇంకో ప్రశ్న వేయండి: “బటన్‌తోని ఇబ్బందేంది?” బటన్లు భుజం ఎత్తులో ఉండి చేతులు గుంజుతుండవచ్చు, స్ప్రింగు బిగుసుకుపోయి ఉండవచ్చు. పరిష్కారం తప్పే, ఇబ్బంది మాత్రం నిజం. కార్డు మీద ఇబ్బందిని రాసి, పరిష్కారాన్ని కొట్టేయండి.

ఐదు ఎందుకులు మనిషి మీద కాదు

అసలు కారణం దొరికేదాకా ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగడం ఒక పద్ధతి. కానీ రిజెక్షన్ వచ్చినప్పుడు మనిషిని ‘ఎందుకు చేసినవ్?’ అని ఐదుసార్లు అడిగితే అది పోలీస్ స్టేషన్ అవుతుంది. రెండో ఎందుకుకే ‘సారీ సార్, ఇంకోసారి చెయ్య’ అనేస్తాడు. విచారణ ముగిసింది, ఏమీ తెలియలేదు. ఎందుకులు పార్టును, డైని (అచ్చును), గేజిని (కొలిచే పరికరాన్ని) అడగండి. బర్ (పీసు అంచున మిగిలే ముల్లు) ఎందుకొచ్చింది? పంచ్ అంచు అరిగింది. అరిగినా ఎందుకు నడిచింది? గ్రైండింగ్‌కు ఎన్ని స్ట్రోకులకు పంపాలో ఎక్కడా రాసి లేదు. మనిషిని అడగాల్సినవి వేరు: ఎప్పుడు గమనించావు, అంతకుముందు ఏం మారింది, ఏది తేడాగా అనిపించింది.

‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని ముగిసిన ఏ షీటునైనా వెనక్కి పంపండి. అదే తప్పు ఇంకో ఆపరేటర్ కూడా చేయగలడా అని అడగండి. చేయగలడంటే కారణం ఇంకా దొరకలేదు.

అన్నట్టు, రిజెక్షన్ పీసు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి పేరు ట్యాగ్ చేసే అలవాటు ఈ మధ్య చాలా చోట్ల ఉంది. దాని ఫలితం వెంటనే కనిపిస్తుంది: చెడిన పీసులు స్క్రాప్ బిన్నులో కాకుండా మెషిన్ వెనకాల దొరకడం మొదలవుతుంది. ఫొటో పెట్టాల్సి వస్తే పీసు, గేజి మాత్రమే కనిపించాలి.

పిలిస్తే ఎవరు వస్తారు

లైటు వేస్తే లైను ఆగుతుందని ఆండాన్ (ఆపరేటర్ సాయానికి పిలిచేందుకు వాడే లైటు, తాడు) కొనుక్కుంటారు. టొయోటాలో తాడు లాగగానే లైను ఆగిపోదు. ముందు టీమ్ లీడర్ వస్తాడు. ఆ స్టేషన్ హద్దు దాటేలోగా సమస్య తేలకపోతే అప్పుడు ఆగుతుంది. అక్కడ ఆరేడుగురికి ఒక లీడర్ ఉంటాడు కాబట్టే అది నడుస్తుంది. మన దగ్గర 35 మందికి ఒక సూపర్‌వైజర్, అతనే స్టోర్సుకు తిరుగుతాడు, అతనే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తాడు. లైటు పది నిమిషాలు వెలిగి ఎవరూ రాకపోతే మర్నాటి నుంచి ఎవరూ వేయరు.

ఆండాన్ కొనే ముందు, ప్రతి ఏడెనిమిది మందికి ఒక అనుభవమున్న ఆపరేటర్‌ను లీడ్‌గా పెట్టండి. మెషిన్ మీద అతని వాటా పని తగ్గించండి. తగ్గించకుండా బ్యాడ్జి మాత్రమే ఇస్తే అది శిక్ష. పిలిచిన రెండు నిమిషాల్లో అతను చేరాలి, చేరగానే అనే మొదటి మాట ‘పిలిచి మంచి పని చేశావ్’ కావాలి. ‘మళ్లీ ఏమైంది?’ కాకూడదు.

ఇన్సెంటివ్: అందరూ తప్పుకునే విషయం

కైజెన్‌ను చంపడానికి ఇంతకన్నా నమ్మకమైన మార్గం లేదు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. షిఫ్ట్‌కు 900 నార్మ్ (కొట్టాల్సిన కనీస సంఖ్య), పైన కొట్టిన ప్రతి పీసుకూ డబ్బు. ఆపరేటర్ చెప్పిన మార్పుతో 1,050 వచ్చాయి. మూడో నెల ఐఈ (ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్) డిపార్ట్‌మెంట్ స్టాప్‌వాచ్‌తో వచ్చి నార్మ్‌ను 1,050 చేసింది. ఇప్పుడు అదే డబ్బుకు 150 పీసులు ఎక్కువ. ఈ కబురు క్యాంటీన్‌లో ఒక్క పూటలో పాకుతుంది. ఆ తర్వాత ఎవరికి ఏ కిటుకు తెలిసినా జేబులోనే ఉంటుంది: 900 దాటాక నెమ్మదించడం, ఆడిట్ రోజున ఇంకా నెమ్మదించడం. వాళ్లది సోమరితనం కాదు, లెక్క తెలిసిన మనిషి చేసే పనే అది.

మార్గాలు రెండున్నాయి. ఆపరేటర్ ఐడియాతో పెరిగిన ఉత్పత్తికి కనీసం ఆరు నెలలు నార్మ్ తాకబోమని నోటీసు బోర్డులో సంతకంతో పెట్టడం ఒకటి. వ్యక్తిగత పీస్ రేటు మానేసి, డిపార్ట్‌మెంటు మొత్తానికి మంచి పీసుల మీద ఇన్సెంటివ్ ఇవ్వడం రెండోది. రెండోదే మెరుగు, ఎందుకంటే అప్పుడు పక్కవాడికి కిటుకు చెప్పడం నష్టం కాదు. స్టాప్‌వాచ్ పట్టుకునే రోజు కూడా ముందే చెప్పండి, ఏం కొలుస్తున్నారో చూపించండి, కొలిచిన కాగితం కాపీ అతనికివ్వండి. దొంగచాటుగా వీడియో తీయడం అస్సలు వద్దు.

ఐడియాకు బహుమతి మాత్రం చిన్నదిగా, అందరికీ ఒకే తీరుగా ఉంచండి. అమలైన ప్రతి కార్డుకూ వందో రెండొందలో, అదే వారంలో. ఆదాలో పది శాతం అంటే పెద్ద మనసులా కనిపిస్తుంది కానీ, ఆదా ఎంత, ఐడియా ఎవరిది అన్న తగువులతో ఏడాది గడుస్తుంది. టొయోటా సలహాల పద్ధతి 1951లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అక్కడా సలహాల్లో ఎక్కువ భాగం చిన్నవే.

మిగిలిన మనిషిని ఏం చేస్తారు

ముగ్గురు చేసే పని ఇద్దరితో అవుతుందని తేలిన రోజు ఫ్లోర్ మొత్తం మీవైపే చూస్తుంది. కైజెన్ వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని మొదలుపెట్టక ముందే యజమాని సంతకంతో రాసివ్వాలి. అందులో కాంట్రాక్ట్ మనుషుల పేరు కూడా ఉండాలి, లేకపోతే ‘తీసేయలేదు, కాంట్రాక్టర్ బిల్లు తగ్గించాం’ అనే తెలివి బయటికొస్తుంది. ఆర్డర్లు పడిపోతే ఏం చేస్తారన్నది వేరే విషయం, దాన్ని వేరుగానే రాయండి. నిలబెట్టుకోలేని హామీ ఇవ్వడం కన్నా చిన్న హామీ మేలు.

లైన్ నుంచి తీసేటప్పుడు అందరికన్నా చురుకైనవాణ్ని తీయండి. చాలామంది బలహీనుణ్ని తీస్తారు. అప్పుడు బయటికి రావడం అవమానమవుతుంది. చురుకైనవాణ్ని తీసి జిగ్గులు (పీసును సరైన చోట పట్టి ఉంచే సాధనాలు), ట్రాలీలు చేసే పనిలోనో, కొత్తవాళ్లకు నేర్పే పనిలోనో పెడితే అది ప్రమోషన్ అవుతుంది, ఐడియాలు కూడా అతని దగ్గరికే వెళ్తాయి.

రిట్రెంచ్‌మెంట్‌కు (ఉద్యోగుల తొలగింపుకు) దారితీసే పద్ధతి మార్పులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది, 2020 నాటి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోనూ ఆ నోటీసు ఉంది. యూనియన్ ఉన్న చోట ఆ కాగితం కన్నా ముందే టీ తాగుతూ మాట్లాడటం మంచిది.

సూపర్‌వైజర్, ఇంకొన్ని చిన్న సంగతులు

అందరూ ఆపరేటర్ మనసు గురించి మాట్లాడతారు, సూపర్‌వైజర్‌ను మరచిపోతారు. అతను మంటలు ఆర్పడంలో దిట్ట కాబట్టే ఆ కుర్చీలోకి వచ్చాడు. ఆపరేటర్ ఐడియా చెబితే ‘ఇది నీకెందుకు తట్టలేదు?’ అని పైనుంచి అడుగుతారని అతని భయం. మేనేజర్ ఆ మాట ఎప్పుడూ అనకూడదు. షిఫ్ట్‌కు 30 నిమిషాలు కార్డుల కోసం అతనికి ఖాళీ ఇవ్వండి, ఆ సమయంలో ప్రొడక్షన్ ఫిగర్ కోసం ఫోన్ చేయకండి.

నెలకు మనిషికి ఇన్ని కైజెన్లని టార్గెట్ పెడితే 28వ తేదీన డస్ట్‌బిన్‌కు పసుపు రంగేసి ఫొటో పంపుతారు. సంఖ్యను లెక్కించకండి. రెండు రోజుల్లో జవాబు వచ్చిన కార్డులు నూటికి ఎన్ని, ఈ నెల మొదటిసారి నోరు తెరిచినవాళ్లు ఎందరు, ఈ రెండే చూడండి.

అసెంబ్లీ, ప్యాకింగ్ లైన్లలో ఆడవాళ్లు పొద్దున్న మీటింగులో మాట్లాడకపోతే చెప్పడానికేమీ లేదని కాదు. వాళ్ల టేబుల్ దగ్గరికి వెళ్లి, ఒక్కరే వెళ్లి అడగండి. ఆరుగురు ఆఫీసర్లు గుంపుగా వచ్చి నిలబడితే ఎవరు మాట్లాడతారు?

ఫైవ్ ఎస్ రెడ్ ట్యాగింగ్‌కు, అంటే అక్కర్లేదనిపించిన వస్తువులకు ఎర్ర ట్యాగు కట్టడానికి, దసరా ముందు వారం మంచిది. ఆయుధ పూజకు మెషిన్లు ఎలాగూ వాళ్లే కడిగి తుడుచుకుంటారు. ట్యాగు మాత్రం ఆ మెషిన్ మనిషి ఎదుటే కట్టాలి, ఆ వస్తువును వారం ఆగి గాని తీసేయకూడదు. స్క్రాప్ అని పారేసిన వంకర కడ్డీ అతను సొంతంగా వంచుకున్న చిప్పులు (లోహపు తురుము) లాగే హుక్ అయ్యుండొచ్చు. కొత్త పద్ధతి మొదలుపెట్టడానికి సంక్రాంతి, హోలీ, ఛఠ్ రోజులు వద్దు. సగం మంది ఊళ్లలో ఉంటారు, తిరిగొచ్చాక తమకు చెప్పకుండా మార్చారంటారు.

క్వాలిటీ సర్కిల్ (తమ పనిలోని సమస్యలను కలిసి తేల్చుకునే చిన్న బృందం) నడపాలనుకుంటే ఇక్కడే పాఠం ఉంది. దేశంలో అవి మొదట రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో 1980 ప్రాంతంలో మొదలయ్యాయి, 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. సర్కిల్‌లో ఆరు నుంచి పది మంది, ఒకే చోట పనిచేసేవాళ్లు, ఇష్టపడి చేరినవాళ్లు ఉండాలి, వారానికో గంట కలవాలి. హెచ్ఆర్ లిస్టు తయారు చేసి పేర్లు వేస్తే అది డ్యూటీ అవుతుంది.

చివరగా సీ షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్. పొద్దుటి షిఫ్ట్‌లో మార్చింది రాత్రి పదింటికి వచ్చినవాళ్లకు తెలియదు. పొద్దున్న చూస్తే జిగ్గు పాత చోటే ఉంటుంది. ట్రయల్ మూడు షిఫ్టుల్లోనూ నడవాలి, స్టాండర్డ్ వర్క్ షీటు (పని ఎలా చేయాలో రాసిన కాగితం) మీద మూడు షిఫ్టుల ఆపరేటర్ల సంతకాలు పడ్డాకే దాన్ని మెషిన్‌కు అంటించాలి. సీ షిఫ్ట్ వాళ్లు కాదంటే వారంలో ఒక రాత్రి మీరే వెళ్లి వాళ్ల దగ్గర నిలబడి చూడండి. రాత్రిపూట అక్కడ లైటు చాలదని, గేజి స్టోర్సులో తాళం వేసి ఉంటుందని అప్పుడే తెలుస్తుంది.